విమానాల డ్రాయింగుల నుంచి అమెజాన్ పువ్వుల దాకా

అనాసపండు తినని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి ఇస్తే నడుస్తూనే తినేస్తాం. కానీ ఆ అనాసకి అక్కచెల్లెళ్ళు, పిన్ని పిల్లలు, మేనత్త పిల్లలు అంతా కలిపి మూడు వేలకు పైగా జాతులున్నాయని ఎంతమందికి తెలుసు? ఆ కుటుంబం పేరు బ్రొమీలియేసీ. అందులోని మొక్కల్ని బ్రొమీలియాడ్లు అంటారు. దాదాపు అన్నీ అమెరికా ఖండాల్లో పుట్టినవే. సముద్రం దాటి పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దాకా చేరింది ఒకే ఒక్క జాతి. మన దగ్గరికి అనాస కూడా పోర్చుగీసు వాళ్ళతో పాటు ఓడెక్కి వచ్చిందే.

ఇన్ని వేల మొక్కలకి పేర్లు పెట్టి, ఎవరు ఎవరికి ఏమవుతారో వరసలు కలిపింది వృక్ష శాస్త్రవేత్తలు. అయితే ఈ వ్యాసం శాస్త్రవేత్త గురించి కాదు. యుద్ధకాలంలో విమానాల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసి, 47 ఏళ్ళ వయసులో మొదటిసారి అమెజాన్ అడవిలో అడుగుపెట్టి, 79 ఏళ్ళు వచ్చేదాకా అక్కడికి వెళ్తూనే ఉన్న ఒక చిత్రకారిణి గురించి. పేరు మార్గరెట్ మీ. మీ అంటే మీరు కాదండోయ్, అది ఆవిడ ఇంటిపేరు!

చెషమ్ నుంచి సావో పాలో

లండన్‌కి దగ్గర్లో చెషమ్ అనే చిన్న ఊళ్ళో 1909 మే 22న మార్గరెట్ పుట్టింది. బొమ్మలు గీయడం చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆర్ట్ స్కూల్లో చదువుకుంది. కానీ 1930ల యూరప్‌లో కూర్చుని పూలబొమ్మలు వేసుకునే పరిస్థితి లేదు. ఒకవైపు నిరుద్యోగం, ఇంకోవైపు హిట్లర్. 1933లో ఆవిడ బెర్లిన్‌లో ఉంది. అక్కడి పార్లమెంటు భవనం తగలబడడం, యూదుల దుకాణాలని బహిష్కరించడం కళ్ళారా చూసింది. వామపక్ష రాజకీయాల వైపు మొగ్గింది. మొదటి భర్త కార్మిక సంఘం నాయకుడు. ఆవిడ కూడా సంఘంలో చురుగ్గా పనిచేసి, 1937లో బ్రిటన్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ సభలో మాట్లాడింది. పిల్లలు బడి మానేసే కనీస వయసు పెంచాలన్నది ఆవిడ తీర్మానం.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. మార్గరెట్ డి హావిలాండ్ విమానాల కంపెనీలో డ్రాఫ్టింగ్ పనికి చేరింది. ఫస్టియర్‌లో మినీ డ్రాఫ్టర్ మోసుకుంటూ తిరిగిన మనకి ఆ పని ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ అందంగా గీయడం ముఖ్యం కాదు, సరిగ్గా గీయడం ముఖ్యం. ఒక గీత ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే దాన్ని చూసి తయారయ్యే భాగం పనికిరాదు. ఆవిడకి ఈ శిక్షణ ఎక్కడ పనికొచ్చిందో తర్వాత చూద్దాం.

యుద్ధం అయ్యాక మళ్ళీ చదువుకి వెళ్ళింది. లండన్‌లోని కాంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్లో విక్టర్ పాస్‌మోర్ అనే పేరున్న చిత్రకారుడి దగ్గర నేర్చుకుంది. అప్పటికే మొదటి పెళ్ళి విడిపోయింది. గ్రెవిల్ మీ అనే మరో చిత్రకారుడు ఆవిడ జీవితంలోకి వచ్చాడు. 1952లో బ్రెజిల్‌లో ఉన్న అక్కచెల్లెళ్ళలో ఒకరికి ఒంట్లో బాగోలేదని సావో పాలోకి ప్రయాణం కట్టింది. చూసొద్దామని వెళ్ళిన మనిషి అక్కడే ఉండిపోయింది. గ్రెవిల్ కూడా వచ్చేశాడు. ఆవిడ ఒక ఇంగ్లీషు బళ్ళో డ్రాయింగ్ టీచరుగా చేరింది.

గిన్నెలాంటి మొక్క

సావో పాలోకి, సముద్రానికి మధ్య సెర్రా దో మార్ అనే కొండల వరస ఉంది. ఎప్పుడూ మంచు, వాన, పచ్చదనం. సెలవు దొరికితే మార్గరెట్ అక్కడికి వెళ్ళి మొక్కల్ని గీసేది. ఆ అడవుల్లో బ్రొమీలియాడ్లకి కొదవ లేదు.

వీటి తీరే వేరు. చాలా జాతులు నేల మీద కాకుండా చెట్ల కొమ్మల మీద బతుకుతాయి. మన మామిడి చెట్టు మీద బదనిక మొలిస్తే చెట్టు రసం పీల్చేస్తుంది కదా, ఇవి అలా కాదు. కూర్చోవడానికి చోటు అడుగుతాయి, అంతే. వేళ్ళు కొమ్మని పట్టుకోవడానికే. మరి నీళ్ళో? చాలా వాటిలో ఆకులన్నీ మొదట్లో ఒకదాన్నొకటి హత్తుకుని గిన్నెలా తయారవుతాయి. వాన నీళ్ళు, రాలిన ఆకులు ఆ గిన్నెలో చేరతాయి. ఆకుల మీదుండే సన్నటి పొలుసుల్లాంటి నూగు ఆ నీటినీ, అందులో కరిగిన పోషకాల్నీ లోపలికి లాగుతుంది. ఆ గిన్నెలో దోమపిల్లలు, చిన్న పురుగులు, కప్పలు కాపురం పెడతాయి. కొమ్మ మీద వేలాడే చెరువు అన్నమాట.

1956లో మార్గరెట్ ఒక స్నేహితురాలితో కలిసి మొదటిసారి అమెజాన్ ప్రాంతానికి, గురుపి నది దగ్గరికి వెళ్ళింది. అప్పుడు ఆవిడకి 47. మన ఇళ్ళల్లో ఆ వయసు వాళ్ళని మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని పలకరిస్తాం. ఆవిడ మాత్రం ఊయల పడక, స్కెచ్ బుక్కులు, రంగులు సర్దుకుని పడవెక్కింది. ఆ తర్వాత 1988 దాకా మొత్తం 15 యాత్రలు చేసింది.

కొత్త జాతి అని ఎలా తేలుస్తారు?

1958 నుంచి మార్గరెట్ సావో పాలో వృక్షశాస్త్ర సంస్థకి బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఆ పని వల్లే లైమన్ స్మిత్‌తో పరిచయం. ఆయన అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో ఉండేవాడు. ప్రపంచంలోని బ్రొమీలియాడ్లన్నిటినీ వర్గీకరించడం ఆయన జీవితకాలపు పని. ఆ పరిశోధన కోసం మార్గరెట్ బ్రెజిల్ జాతుల బొమ్మలు వేసింది.

శాస్త్రవేత్తకి చిత్రకారిణితో ఏం పని, ఫొటో తీసుకుంటే సరిపోదా అని అనిపిస్తుంది. అది అర్థం కావాలంటే కొత్త జాతికి పేరు ఎలా పెడతారో తెలియాలి.

అడవిలో తెలియని మొక్క కనబడితే దాన్ని కోసి, కాగితాల మధ్య ఒత్తి, ఎండబెట్టి ఒక అట్ట మీద అంటిస్తారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు సేకరించారో చీటీ పెడతారు. అదే హెర్బేరియం షీటు. దాన్ని అప్పటికే పేరున్న జాతుల షీట్లతో పోల్చి చూస్తారు. దేనితోనూ కలవకపోతే అది కొత్త జాతి. దాని లక్షణాలు రాసి ప్రచురించాలి. 2011 చివరి దాకా ఆ వర్ణన లాటిన్‌లోనే రాయాలనే నియమం ఉండేది. ఆ పేరుకి ఆధారంగా ఒక షీటుని ఎంచి భద్రపరుస్తారు. దాన్ని టైప్ అంటారు. పారిస్ దగ్గర దాచిన పాత కిలోగ్రాము దిమ్మ గుర్తుందా? ప్రపంచంలో ఏ కిలోకైనా ఒకప్పుడు అదే కొలమానం. అలాగే ఆ పేరు ఎవరు వాడినా చివరికి ఆ షీటుతోనే సరిచూసుకోవాలి.

చాలా మొక్కలకి ఈ పద్ధతి బాగానే కుదురుతుంది. బ్రొమీలియాడ్ల దగ్గరే చిక్కు. ఆకులు మందంగా, చాలా వాటికి అంచుల్లో ముళ్ళతో ఉంటాయి. కొన్ని బారెడు వెడల్పు ఉంటాయి. షీటు మీదికి రావు. కాబట్టి ఒకటో రెండో ఆకులు, పూలగుత్తిలో ఒక ముక్క కోసి ఒత్తుతారు. ఎండాక గిన్నె ఆకారం అణిగిపోతుంది. రంగులన్నీ పోయి గోధుమరంగు మిగులుతుంది. నియోరెగేలియా అనే ప్రజాతిని తీసుకోండి. పూలు పైకి రావు, గిన్నె అడుగున నీళ్ళ దగ్గరే పూస్తాయి. పూసే కాలంలో చాలా జాతుల్లో నడిమి ఆకులు ఎర్రగా మారతాయి. ఎండబెట్టిన షీటులో ఇందులో ఏది కనబడుతుంది?

1950ల్లో అడవికి తీసుకెళ్ళే కలర్ ఫిల్ము రంగుల్ని నమ్మకంగా చూపించేది కాదు. పైగా ఫొటో ఒకవైపునే చూస్తుంది, నీడలో ఉన్నదాన్ని వదిలేస్తుంది. గీసేవాళ్ళు అయితే మొక్కని తిప్పి చూస్తారు, లెక్కపెడతారు. బ్రొమీలియాడ్ పువ్వులో రక్షక పత్రాలు మూడు, ఆకర్షణ పత్రాలు మూడు, కేసరాలు ఆరు. అవి విడివిడిగా ఉన్నాయా, కలిసిపోయాయా? అండాశయం పైన ఉందా, కింద ఉందా? ఆకు అంచున ముళ్ళున్నాయా, నున్నగా ఉందా? కాయలోని గింజకి రెక్కలున్నాయా, దూదిలాంటి కుచ్చు ఉందా, లేక అది మెత్తటి పండా? స్మిత్ కాలంలో ఈ కుటుంబాన్ని మూడు ఉపకుటుంబాలుగా విడగొట్టింది సరిగ్గా ఇలాంటి తేడాల మీదే. రక్షక పత్రం పొడవు తప్పుగా గీస్తే ఆ మొక్క వేరే ఇంట్లో పడిపోవచ్చు.

ఇక్కడే విమానాల ఫ్యాక్టరీ పనితనం అక్కరకొచ్చింది. మొక్క తాజాగా ఉండగానే పెన్సిల్‌తో గీయడం, దాని రంగు అక్కడికక్కడే కలిపి చూసి నమోదు చేయడం ఆవిడ పద్ధతి. వాడింది గువాష్. మన పోస్టర్ కలర్స్ లాంటి చిక్కటి నీటిరంగు. తర్వాత ఇంటికొచ్చి పెద్ద కాగితం మీద పూర్తి బొమ్మ వేసేది. వీలైతే ప్రాణంతో ఉన్న మొక్కల్ని కూడా తెచ్చేది. వాటిలో కొన్ని ఆవిడ స్నేహితుడు, పేరుమోసిన తోటల రూపకర్త రొబెర్టో బుర్లె మార్క్స్ తోటకి చేరాయి.

అలా తెచ్చిన వాటిలో శాస్త్రానికి అప్పటిదాకా తెలియనివీ ఉన్నాయి. మొక్కకి తన పేరు తనే పెట్టుకోవడం మర్యాద కాదు కాబట్టి ఆ పని శాస్త్రవేత్తలు చేశారు. స్మిత్ ఒకదానికి నియోరెగేలియా మార్గరెటే అని పేరు పెట్టాడు. లాటిన్‌లో చివరి ఆ ఏ మన షష్ఠీ విభక్తి లాంటిది. మార్గరెట్ యొక్క నియోరెగేలియా అని అర్థం. నియోరెగేలియా మీయానా, ఎక్మియా మీయానా అని ఇంకో రెండు బ్రొమీలియాడ్లు, సొబ్రాలియా మార్గరీటే అని ఒక ఆర్కిడ్ కూడా ఆవిడ పేరు మీదే ఉన్నాయి. వృక్షశాస్త్రంలో డిగ్రీ లేని మనిషి పేరు అలా శాస్త్రంలోకి ఎక్కింది.

అడవి, జ్వరం, మంట

ఈ యాత్రలు పర్యాటకుల షికార్లు కావు. చిన్న పడవ, స్థానిక పడవవాళ్ళు, కొన్నిసార్లు అడవి బిడ్డల గూడేల్లో మకాం. ఆవిడ దగ్గర ఒక రివాల్వరు కూడా ఉండేది. మలేరియా వచ్చింది, కామెర్ల జబ్బు వచ్చింది. కోలుకుని మళ్ళీ బయల్దేరింది. 1967లో బ్రెజిల్‌లోకెల్లా ఎత్తైన పీకో ద నెబ్లీనా శిఖరాన్ని దక్షిణం వైపు నుంచి ఎక్కాలని చూసింది. వానలు దారి మూసేయడంతో వెనక్కి తిరగాల్సి వచ్చింది. డబ్బు ఎప్పుడూ ఇబ్బందే. బొమ్మలు అమ్ముకున్నది, అప్పుడప్పుడూ వచ్చిన గ్రాంట్లు, వాటితోనే తర్వాతి ప్రయాణం. 1968లో లండన్‌లో బ్రెజిల్ అడవి పువ్వుల మీద ఆవిడ పెద్ద చిత్రసంపుటి వచ్చింది. 1970లో అమెరికా నుంచి గుగెన్‌హైమ్ ఫెలోషిప్ దొరికింది.

అయితే జబ్బుల కంటే, డబ్బు కంటే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. ఒకసారి వెళ్ళిన చోటికే కొన్నేళ్ళ తర్వాత వెళ్తే అడవి ఉండేది కాదు. 1970లో ప్రభుత్వం అమెజాన్‌ని అడ్డంగా చీల్చుకుంటూ ట్రాన్స్ అమెజానియన్ రహదారి పని మొదలుపెట్టింది. రోడ్డు వెంట రంపాలు, రంపాల వెంట నిప్పు, ఆ తర్వాత పశువుల మేత బీళ్ళు. చెట్టు పోతే ఆ చెట్టు కొమ్మ మీది బ్రొమీలియాడ్ కూడా పోతుంది. దాని గిన్నెలోని కప్ప కూడా పోతుంది. కొన్ని జాతులు చాలా చిన్న ప్రాంతానికే పరిమితం. అలాంటిచోట ఒక లోయ కాలిపోతే ఒక జాతి మొత్తం పోవచ్చు, దానికి పేరు పెట్టకముందే.

మార్గరెట్ ఊరుకోలేదు. అప్పుడు బ్రెజిల్‌లో సైనిక ప్రభుత్వం. ఆవిడేమో పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి. అయినా చూసింది చూసినట్టు అధికారులకి చెప్పింది, పత్రికలకి చెప్పింది. అమెజాన్ అడవుల గురించి ప్రపంచం ఇంకా పెద్దగా మాట్లాడని రోజులవి. యూనియన్ సభలో నిలబడ్డ పాత అలవాటు పోలేదు మరి.

ఆవిడ బొమ్మల్లోనూ ఒక మార్పు వచ్చింది. వృక్షశాస్త్ర చిత్రాల్లో సాధారణంగా మొక్క ఒక్కటే ఉంటుంది, వెనక తెల్ల కాగితం. తొలి రోజుల్లో ఆవిడా అలాగే గీసింది. తర్వాతి బొమ్మల్లో మొక్క వెనక అడవి కూడా రావడం మొదలైంది. నల్లటి నీళ్ళు, చెట్ల మొదళ్ళు, తీగలు, మసక వెలుగు. మొక్కని వర్గీకరించడానికి ఆ అడవి అక్కర్లేదు. కానీ మొక్క బతకాలంటే అదే కావాలి. ఎక్కడ పెరిగేదో కూడా కాగితం మీద ఉండాలని ఆవిడ నిర్ణయించుకుంది.

ఒక్క రాత్రి పువ్వు

చివరి యాత్ర 1988 మేలో. ఈసారి వెతికింది బ్రొమీలియాడ్ని కాదు, ఒక జెముడు జాతిని. రియో నెగ్రో నది ఏటా పొంగి ముంచేసే అడవుల్లో అది చెట్టు మానుకి అతుక్కుని, చదునైన ఆకుల్లాంటి కాండాలతో పాకుతుంది. దాని తెల్లటి పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతుంది. మార్గరెట్ ఆ మొక్కని అంతకు ముందే చూసింది గానీ పూసి ఉండగా ఒక్కసారీ దొరకలేదు. రెండు దశాబ్దాలకు పైగా ఎదురుచూసింది. 1988 మే నెలలోనే ఆవిడకి 79 నిండాయి. ఆ నెలలోనే ఒక రాత్రి నది మీద పడవలో కూర్చుని, లైటు వెలుగులో, మొగ్గ విచ్చుకుంటుంటే గంటల తరబడి గీసింది.

ఆ మొక్కని అప్పట్లో సెలెనిసెరియస్ విట్టీ అనేవారు. ఇప్పుడు స్ట్రోఫోకాక్టస్ విట్టీ అంటున్నారు. వర్గీకరణ ఎప్పుడూ ఇంతే. స్మిత్, రాబర్ట్ డౌన్స్ కలిసి 1974, 1977, 1979లలో మూడు సంపుటాలుగా, రెండు వేల పేజీలు దాటించి బ్రొమీలియాడ్ల గ్రంథాన్ని పూర్తిచేశారు. 2007లో డీఎన్ఏ ఆధారంగా ఆ మూడు ఉపకుటుంబాల్ని ఎనిమిది చేశారు. కొత్త ఆధారం వస్తే మొక్క ఒక ప్రజాతి నుంచి ఇంకో ప్రజాతికి మారుతుంది, పేరు మారుతుంది. జాగ్రత్తగా లెక్కపెట్టి గీసిన బొమ్మ మాత్రం పాతబడదు. రక్షక పత్రం ఆ రోజు ఎంత పొడవుందో ఈరోజూ అంతే.

అదే ఏడాది చివర్లో లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో ఆవిడ బొమ్మల ప్రదర్శన జరిగింది. అమెజాన్ దినచర్యలు పుస్తకంగా వచ్చాయి. దానికోసం ఇంగ్లండ్ వెళ్ళిన మార్గరెట్ 1988 నవంబరు 30న లీసెస్టర్‌షైర్‌లో కారు ప్రమాదంలో చనిపోయింది. 32 ఏళ్ళపాటు మలేరియా, వరదలు, నదీ సుడులు ఏమీ చేయలేని మనిషి ఒక మామూలు రోడ్డు మీద పోయింది.

ఆవిడ వదిలి వెళ్ళినవి 400 చిత్రాలు, 40 స్కెచ్ బుక్కులు, 15 డైరీలు. క్యూ ఉద్యానవనం దగ్గర ఆవిడ అమెజాన్ బొమ్మలు 60 ఉన్నాయి. ఆవిడ పేరుతో ఏర్పడిన సంస్థ బ్రెజిల్ యువ చిత్రకారుల్ని శిక్షణ కోసం క్యూకి పంపింది. 1994లో రియో కార్నివాల్‌లో బెయిజా ఫ్లోర్ అనే సాంబా బృందం తమ ఊరేగింపు మొత్తాన్ని మార్గరెట్ మీద కట్టింది. బ్రొమీలియాడ్ల దొరసాని అన్నది ఆ ఏటి ఇతివృత్తం. చెషమ్‌లో పుట్టిన ఇంగ్లీషు డ్రాఫ్టింగ్ అమ్మాయి కథని రియో వీధుల్లో డప్పుల మీద పాడుకుంటూ వేలమంది ఆడారు.

ఈసారి అనాసపండు కొన్నప్పుడు కోసే ముందు ఒక్క నిమిషం తిప్పి చూడండి. ఆ కళ్ళలాంటివి ఒక్కొక్కటీ ఒకప్పుడు ఒక పువ్వు. అవి ఏ వరసలో, ఎటు తిరుగుతూ సర్దుకున్నాయో లెక్కపెట్టండి. వీలైతే కాగితం మీద గీయండి. రికార్డులో మార్కులు పడవు లెండి, కానీ ఎంత చూడకుండా తినేస్తున్నామో తెలుస్తుంది.